టీవీలో ఓసీడీ: చూపించేదెంత? చూపించనిదెంత?

"వాడికి ఓసీడీరా!" అనే మాట ఈమధ్య హాస్టళ్లలో తరచుగా వినిపిస్తోంది. పక్కబట్టలు నలగకుండా మడత పెట్టుకుంటే ఓసీడీ. కంచం రెండుసార్లు కడుక్కుంటే ఓసీడీ. పుస్తకాలు వరుసగా పేర్చుకుంటే ఓసీడీ. ఒకప్పుడు మన ఇళ్లలో ఈ పేరే ఎవరికీ తెలియదు. ఈ మాటను మనలో చాలామందికి నేర్పింది డాక్టర్లూ కాదు, పాఠ్యపుస్తకాలూ కాదు. టీవీ నేర్పింది, సినిమా నేర్పింది, సెల్‌ఫోన్‌లో వచ్చే చిన్న చిన్న వీడియోలు నేర్పాయి. నేర్పినవాళ్లు సరిగ్గా నేర్పారా లేదా అని చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము వైద్యులం కాము. పీజీ చదువుతున్న హాస్టల్ విద్యార్థులం. మాలో చాలామంది ఇళ్లలో డిగ్రీ పట్టా చేతికొచ్చిన మొదటివాళ్లం మేమే. ఊరికి వెళ్తే మందుల చీటీ చదివి చెప్పేది మేమే, బ్యాంకు కాగితం నింపేది మేమే, "డాక్టరు ఏమన్నాడురా?" అని అమ్మానాన్నలు అడిగేదీ మమ్మల్నే. కాబట్టి ఒక జబ్బు గురించి తప్పు తెలుసుకుంటే ఆ తప్పు మా ఒక్కరితో ఆగదు, ఇంటిల్లిపాదికీ పాకుతుంది. అందుకే తెలిసినంత మేరకు సూటిగా చెబుదామని ఈ ప్రయత్నం.

ఓసీడీ అంటే ఏమిటి?

ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది, వద్దన్నా మనసులోకి తోసుకొచ్చే ఆలోచన. రెండోది, ఆ ఆలోచన పెట్టే బాధ తట్టుకోలేక చేసే పని. ఆలోచన వస్తుంది, భయం పుడుతుంది, పని చేస్తే కాసేపు ఊరట కలుగుతుంది. ఆ ఊరట ఎక్కువసేపు నిలవదు. మళ్లీ ఆలోచన, మళ్లీ పని. గానుగెద్దు తిరిగినట్టు మనిషి అక్కడే తిరుగుతుంటాడు.

చేతులు కడుక్కోవడం ఇందులో ఒక రకం మాత్రమే. గది తాళం వేశానా లేదా అని బస్టాపు దాకా వచ్చి నాలుగుసార్లు వెనక్కి వెళ్లి చూసుకోవడం ఒక రకం. గ్యాస్ కట్టేశానా, హాల్‌టికెట్ సంచిలో ఉందా అని తెరచి మూసి, తెరచి మూసి చూడటం ఒక రకం. చదివిన వాక్యం సరిగ్గా చదవలేదేమోనని ఒకే పేరా ఇరవైసార్లు చదవడం ఒక రకం. గుడిలోనో చర్చిలోనో మసీదులోనో నిలబడినప్పుడు దేవుణ్ణి తిట్టినట్టు ఆలోచన వచ్చి వణికిపోవడం ఒక రకం. ప్రాణంగా ప్రేమించే తమ్ముడికో చెల్లెలికో తన చేత్తోనే హాని జరుగుతుందేమోనని భయపడి, ఇంట్లో కత్తిపీట ఉన్న వైపుకే వెళ్లకపోవడం మరో రకం. ఇలాంటి ఆలోచన వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ ఆలోచన తమ స్వభావానికి పూర్తిగా విరుద్ధం కాబట్టే దానికి అంతగా బెదిరిపోతారు.

కొందరిలో పైకి కనిపించే పని ఏదీ ఉండదు. లోపలే లెక్కపెట్టుకుంటారు, లోపలే ప్రార్థన తిప్పి తిప్పి చెప్పుకుంటారు, జరిగిన సంగతిని మనసులో మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంటారు. పక్కన కూర్చున్నవాడికి అతను కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంటుంది.

మరి శుభ్రంగా ఉండే ప్రతివాడికీ ఓసీడీ ఉన్నట్టా? కాదు. ఈ ఆలోచనలు, పనులు రోజులో గంట, అంతకు మించి సమయం తింటున్నా, చదువునో ఉద్యోగాన్నో సంసారాన్నో దెబ్బతీస్తున్నా, మనిషిని బాగా బాధపెడుతున్నా అప్పుడు దాన్ని జబ్బుగా చూస్తారు. శుభ్రత ఇష్టమైనవాడికి ఇల్లు తుడిచాక సంతోషం కలుగుతుంది. ఓసీడీ ఉన్నవాడికి తుడిచాక సంతోషం లేదు, తుడవకపోతే నరకం ఉంది. తేడా అక్కడుంది.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. వందమందిలో ఇద్దరు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని వైద్యశాస్త్రం చెబుతోంది. చాలామందిలో చిన్నతనంలోనో, ఇరవై ఏళ్లకు అటూ ఇటూనో మొదలవుతుంది. అంటే సరిగ్గా మనం హాస్టల్‌లో ఉండే వయసు. రెండొందల మంది ఉండే హాస్టల్‌లో దీనితో బాధపడేవాళ్లు ఒకరిద్దరైనా ఉండే అవకాశం ఉంది.

తెర మీద ఓసీడీ

మనం ఉండే ఉప్పల్, నాచారం ప్రాంతానికి టీవీతో, సినిమాతో పాత బంధముంది. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ఉప్పల్ పక్కన రామంతాపూర్‌లోనే ఉంది. నాచారంలో రామానాయుడు గారు స్టూడియో కట్టారు. ఊరంతా ఒక్క దూరదర్శన్ చూసిన రోజులు పోయి, 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. తర్వాత రియాలిటీ షోలు వచ్చాయి. మామూలు మనుషులను ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నాం అని చెప్పుకునే కార్యక్రమాలివి. అయితే ఎన్నో గంటలు తీసి ఒక గంటకు కుదించినప్పుడు ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఈ సంగతి మనం మరచిపోకూడదు.

ఓసీడీని నేరుగా తీసుకుని రియాలిటీ షోలు చేసింది ముఖ్యంగా అమెరికా, బ్రిటన్ టీవీలు. అమెరికాలో ఏ అండ్ ఈ చానల్ 2009లో "అబ్సెస్డ్" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇలాంటి బాధలున్న మనుషులు, వాళ్లకు చికిత్స చేసే థెరపిస్టులు అందులో కనిపిస్తారు. అదే ఏడాది అదే చానల్‌లో "హోర్డర్స్" వచ్చింది. ఇల్లంతా సామాను పేర్చుకుని, ఏదీ పారేయలేక, కాలు పెట్టే చోటు లేకుండా బతికేవాళ్ల కథలవి. 2010లో వీహెచ్1 చానల్ "ది ఓసీడీ ప్రాజెక్ట్" పేరుతో కొందరు బాధితులను ఒకే ఇంట్లో ఉంచి, డేవిడ్ టోలిన్ అనే మానసిక నిపుణుడి ఆధ్వర్యంలో జరిగిన చికిత్సను చూపించింది. బ్రిటన్‌లో చానల్ 4 వాళ్లు 2013లో "అబ్సెసివ్ కంపల్సివ్ క్లీనర్స్" మొదలుపెట్టారు. అతిగా శుభ్రం చేసేవాళ్లను తీసుకెళ్లి చెత్తతో నిండిన ఇతరుల ఇళ్లు శుభ్రం చేయించడం ఆ కార్యక్రమం పద్ధతి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హోర్డర్స్‌లో చూపించిన సామాను పోగేసే సమస్యను 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టికలో ఓసీడీ నుంచి విడదీసి వేరే రుగ్మతగా పేర్కొంది. టీవీ చూసినవాళ్ల మనసులో మాత్రం రెండూ ఇప్పటికీ ఒకటే.

తెలుగులో ఓసీడీ కోసమే చేసిన రియాలిటీ షో అంటూ మనకు ప్రచారంలో లేదు. మనకు ఈ పేరును ఇంటింటికీ చేర్చింది ఒక సినిమా. 2017 దసరాకు మారుతి దర్శకత్వంలో శర్వానంద్ హీరోగా వచ్చిన "మహానుభావుడు". హీరో శుభ్రత చుట్టూ అల్లిన హాస్యకథ అది. చివరికి ప్రేమ కోసం అతను ఆ ఇబ్బందిని దాటతాడు. అదే ఏడాది స్టార్ మాలో బిగ్‌బాస్ తెలుగులో మొదలైంది. మొదటి సీజన్‌కు జూనియర్ ఎన్టీఆర్, 2018లో రెండోదానికి నాని, 2019 నుంచి నాగార్జున వ్యాఖ్యాతలు. ఆ ఇంట్లో గొడవలు ఎక్కువగా ఎక్కడ పుడతాయో చూసినవాళ్లందరికీ తెలుసు. వంటగది దగ్గర, గిన్నెల దగ్గర, బాత్‌రూమ్ శుభ్రం దగ్గర. శుభ్రం గురించి గట్టిగా మాట్లాడిన మనిషికి చూసేవాళ్లు వేసే ముద్ర కూడా సిద్ధంగా ఉంటుంది.

చికిత్స విషయానికి వస్తే, మన టీవీ మనకు అలవాటు చేసిన పద్ధతి ఇంకొకటుంది. కుటుంబ తగాదాలను స్టూడియోలో కూర్చోబెట్టి తేల్చే "బతుకు జట్కా బండి", "రచ్చబండ" లాంటి కార్యక్రమాలు. బాధ ఏదైనా నలుగురి ముందు చెప్పించాలి, ఏడిపించాలి, మందలించాలి, గంటలో పరిష్కారం చెప్పాలి. ఇవి ఓసీడీ కార్యక్రమాలు కావు. కానీ మనసుకు సంబంధించిన బాధ అంటే ఇలా గట్టిగా నాలుగు మాటలు చెబితే కుదిరిపోతుందనే నమ్మకాన్ని మన ఇళ్లలో ఇవి బలపరిచాయి.

కెమెరా ఎందుకలా చూపిస్తుంది?

టీవీవాళ్లంతా కావాలని అబద్ధం చెబుతారని మేము అనడం లేదు. కెమెరాకు ఒక హద్దు ఉంది. అది చేతిని చూడగలదు, ఆలోచనను చూడలేదు. సబ్బు నురగ, పగిలిన చర్మం, పదోసారి తిప్పిన తాళం తెర మీద బాగా కనిపిస్తాయి. "నా వల్ల మా అమ్మ చచ్చిపోతుందేమో" అనే భయం కనిపించదు. కాబట్టి కనిపించే రకమే పదే పదే చూపిస్తారు. కనిపించని రకంతో బాధపడేవాడు టీవీ చూసి "నాది ఓసీడీ కాదు, నేను చేతులు కడగను కదా, నేను నిజంగానే చెడ్డవాణ్ణి" అని అనుకుంటాడు. మాకు తెలిసినంతలో టీవీ వల్ల జరిగే పెద్ద నష్టం ఇదే.

చేతిని చూపించి ఆలోచనను వదిలేస్తే మిగిలేది వింత చేష్ట. వింత చేష్టకు రెండే గతులు. నవ్వడం, లేదంటే అయ్యో పాపం అనడం. అర్థం చేసుకోవడానికి చోటు మిగలదు.

రెండో హద్దు సమయం. చికిత్స నెలల పని. ఎపిసోడ్ గంట పని. కాబట్టి చికిత్సలో అన్నిటికన్నా ఉత్కంఠ పుట్టించే ఘట్టాన్ని, అంటే మనిషి తనకు అత్యంత భయమున్న వస్తువును ముట్టుకుని ఏడ్చే ఘట్టాన్ని తీసి ప్రకటనలో వేస్తారు. దానికి ముందు జరిగిన మాటలు, తయారీ, తర్వాత ఇంట్లో రోజూ చేసిన సాధన కత్తెరలో పోతాయి.

అసలు చికిత్స ఎలా జరుగుతుంది?

ఓసీడీకి బాగా పనిచేస్తుందని రుజువైన మాటల చికిత్సను ఈఆర్‌పీ అంటారు. పూర్తి పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం, ఎదుర్కొన్నాక అలవాటైన పనిని చేయకుండా ఆగడం అని దీని భావం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మానసిక నిపుణుడు ఈ పద్ధతికి దారి వేశాడు. ఆ తర్వాత దీని మీద ఎన్నో దేశాల్లో పరిశోధనలు జరిగాయి.

హాస్టల్ ఉదాహరణతోనే చూద్దాం. ఒక విద్యార్థికి అందరూ వాడే బకెట్, మగ్గు ముట్టుకుంటే జబ్బు అంటుకుంటుందని భయం అనుకుందాం. థెరపిస్టు మొదట అతనితో కూర్చుని జాబితా రాయిస్తారు. ఒక్కో పనికి ఎంత భయమో సున్నా నుంచి వంద దాకా మార్కులు అతనే వేస్తాడు. గది గడియ ముట్టుకుని పది నిమిషాలు చేయి కడగకుండా ఉండటానికి ముప్పై. అందరూ వాడే కుళాయి తిప్పడానికి యాభై. మగ్గు పట్టుకోవడానికి డెబ్బై. బకెట్ ముట్టుకుని, మామూలుగా ఒకసారి చేయి కడుక్కుని అన్నానికి కూర్చోవడానికి తొంభై. ఇది మెట్లు కట్టడం లాంటిది. కింది మెట్టుతో మొదలుపెడతారు. గడియ ముట్టుకోగానే భయం పెరుగుతుంది. కడగాలనిపిస్తుంది. కడగడు. భయం ఇంకా పెరిగి, కొంతసేపటికి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోయినా దాన్ని మోస్తూ మామూలు పని చేసుకోగలనని అతనికి తెలుస్తుంది. అనుకున్న ఆపద రాలేదని కూడా తెలుస్తుంది. ఈ పాఠం పుస్తకం చదివితే రాదు, చేసి నేర్చుకోవాలి. మొదటి మెట్టు తేలికయ్యాక రెండో మెట్టు.

ఇందులో గమనించాల్సినవి మూడున్నాయి. ఒకటి, ఏ మెట్టు ఎక్కాలో బాధితుడి ఒప్పుకోలుతోనే నిర్ణయిస్తారు. చేయి పట్టుకుని బురదలో పెట్టడం చికిత్స కాదు. రెండు, థెరపిస్టు ముందు చేసింది కొంత, ఇంటి దగ్గర రోజూ చేయాల్సింది ఎక్కువ. సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై దాకా సిటింగ్‌లు పడతాయి. మూడు, కుటుంబం పాత్ర. "తాళం వేశావులే, నేను చూశాను" అని రోజుకు యాభైసార్లు ధైర్యం చెప్పే అమ్మ ప్రేమతోనే చెబుతుంది. కానీ అది కూడా గానుగ తిప్పడమే. ఆ జవాబులు మెల్లగా ఎలా తగ్గించాలో ఇంట్లోవాళ్లకూ నేర్పుతారు.

మందులు కూడా ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవోక్సమిన్ లాంటివి, పాతకాలం నుంచి ఉన్న క్లోమిప్రమిన్. డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని "పనిచేయలేదు" అని మానేస్తే అది మందు తప్పు కాదు. ఎక్కువమందికి మందో, ఈఆర్‌పీయో, రెండూ కలిపో మేలు చేస్తాయి. పూర్తిగా మాయం కాకపోయినా, రోజును మింగేసే జబ్బు రోజులో ఒక మూలకు వెళ్లి కూర్చుంటుంది. మందు ఏది, ఎంత అనేది డాక్టరు మాత్రమే చెప్పాలి.

ఇప్పుడు టీవీకి కూడా న్యాయం చేద్దాం. అబ్సెస్డ్, ది ఓసీడీ ప్రాజెక్ట్ లాంటి కార్యక్రమాల వల్ల ఈ జబ్బుకు మంత్రాలూ మందలింపులూ కాక ఒక పద్ధతైన చికిత్స ఉందని చాలామందికి తెలిసింది. అది చిన్న మేలు కాదు. కానీ ఆ చికిత్స ముఖాన్ని భయంకరంగా చూపించడం వల్ల దాని దాకా వచ్చినవాళ్లు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయే ప్రమాదముంది.

ఇందుకు మా మధ్యనే ఒక తమ్ముడి అనుభవం ఉంది. పేరు రాయవద్దని చెప్పి, విషయం రాయడానికి ఒప్పుకున్నాడు. అతను రాత్రి పన్నెండు దాటాకే స్నానానికి వెళ్లేవాడు. ఆ వేళ అయితే తలుపు కొట్టేవాళ్లు ఉండరు. ట్యాంకరు నీళ్లు వచ్చిన రోజు అతని మీద అరుపులు తప్పేవి కావు. గదిలో కొందరు అతనికి "మహానుభావుడు" అని పేరు పెట్టారు. అతను కూడా నవ్వేవాడు. రెండో సెమిస్టర్ పరీక్షలకు వెళ్లలేదు. ఆసుపత్రికి వెళ్దామంటే అతను అన్న మాట ఇది: "అన్నా, ఫోన్‌లో చూశాను కదా, చెత్తలో చెయ్యి పెట్టిస్తారు. నేను చచ్చినా రాను." చివరికి వాళ్ల అక్క తోడు వస్తే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాడు. తిరిగొచ్చాక, "మొదటి రోజు ఏదీ ముట్టుకోమనలేదన్నా. అన్నీ అడిగి, లిస్టు రాయించారంతే" అన్నాడు. మందులు వాడుతూ, సిటింగ్‌లకు వెళ్తూ మిగిలిపోయిన పేపర్లు తర్వాతి ఏడాది రాశాడు. అతని ఒక ఏడాదిలో సగం జబ్బు తిన్నది, సగం టీవీ భయం తిన్నది.

మనకు సంబంధించిన ఇంకో మాట

విదేశీ కార్యక్రమాల్లో, మన సినిమాల్లో ఓసీడీ ఉన్న మనిషికి సొంత గది ఉంటుంది, సొంత కుళాయి ఉంటుంది, వాడి పారేసేన్ని టిష్యూ కాగితాలుంటాయి. చూసి చూసి ఇది డబ్బున్నవాళ్ల జబ్బనే అభిప్రాయం ఏర్పడింది. ముప్పైమందికి ఒక బాత్‌రూమ్ ఉన్నచోట, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి ఇరుకు గదికి చేరే కుటుంబాల్లో కూడా ఈ జబ్బు ఉంటుంది. అక్కడ దాని పేరు వేరు. "నీళ్లు తగలేస్తాడు", "బద్ధకం", "గాలి సోకింది", "చాదస్తం". కడగడానికి చోటు లేనివాడు ముట్టుకోవడమే మానేస్తాడు. తిండి తగ్గిస్తాడు, గదిలోంచి బయటికి రాడు. టీవీలో చూపించే గుర్తులు అతనిలో కనిపించవు.

మరొకటి కూడా చెప్పక తప్పదు. మన హాస్టళ్లలో చదివే వాళ్లలో ఎక్కువమంది తాతలు "దూరం, దూరం" అనే మాట విన్నవాళ్లు, టీ కొట్టులో వేరే గ్లాసులో తాగినవాళ్లు. కాబట్టి గదిలో ఎవరైనా మన చేతి నీళ్లు తీసుకోకపోతే మనకు చివుక్కుమనడం సహజం. కానీ తేడా తెలుసుకోవాలి. అంటరానితనం పాటించేవాడు ఎదుటి మనిషిని మైల అంటాడు, తను మాత్రం హాయిగా నిద్రపోతాడు. ఓసీడీ ఉన్నవాడు తన చేతిని తనే నమ్మలేడు, అతనికి నిద్ర ఉండదు. మొదటిది అన్యాయం, చట్టం ప్రకారం నేరం. రెండోది జబ్బు. జబ్బు ఉన్నవాణ్ణి కులపిచ్చి ఉన్నవాడని నిందించకూడదు. అలాగే కులపిచ్చి ఉన్నవాడు "నాకు కొంచెం ఓసీడీ" అని తప్పించుకోవడానికీ వీల్లేదు. ఈ మాటను టీవీ సరదా మాటగా మార్చడం వల్ల ఈ రెండో పని కూడా సులువైపోయింది.

చట్టం ఏమంటోంది?

2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. మానసిక ఆరోగ్య చికిత్స పొందడం ప్రతి పౌరుడి హక్కు అని అది చెప్పింది. దాని 24వ సెక్షన్ ప్రకారం, మానసిక ఆరోగ్య కేంద్రంలో చికిత్స పొందుతున్న మనిషి ఫొటో గానీ, వివరాలు గానీ ఆ మనిషి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. ఫోన్‌కూ ఇదే నీతి వర్తించాలని మా అభిప్రాయం. గంటసేపు చేతులు కడిగే స్నేహితుడి వీడియో తీసి గ్రూపులో పెట్టడం సరదా కాదు. అతని జబ్బును అతని అనుమతి లేకుండా బజారున పెట్టడం.

ఎక్కడికి వెళ్లాలి?

2015-16లో నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. దూరం ఒక కారణం, డబ్బు ఒక కారణం, సిగ్గు వీటన్నిటికన్నా పెద్ద కారణం.

మన వైపు నుంచి దూరం పెద్ద అడ్డంకి కాదు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి మియాపూర్ వైపు వెళ్లే రైలు మారితే మూడో స్టేషన్ ఎర్రగడ్డ. నాచారంవాళ్లు హబ్సిగూడ దగ్గర ఎక్కవచ్చు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. ఇంట్లో ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు ముందు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో అడిగి, ఎక్కడికి పంపుతారో తెలుసుకోవాలి. ఏ ఆసుపత్రికి వెళ్లినా "ఈఆర్‌పీ చేస్తారా?" అని అడగడానికి మొహమాటపడవద్దు.

"ఎర్రగడ్డ" అనే ఊరి పేరునే మన హాస్యంలో తిట్టుగా వాడుకున్నాం. సినిమాలు, స్కిట్లు ఆ అలవాటును ఇంకా పెంచాయి. మోకాలి నొప్పికి నిమ్స్‌కు వెళ్లినవాణ్ణి మనం వెక్కిరించం. మనసు నొప్పికి ఎర్రగడ్డ వెళ్లినవాణ్ణి కూడా వెక్కిరించకూడదు.

వెళ్లడానికి ధైర్యం చాలకపోతే ఫోన్ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి-మానస్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

చూసేటప్పుడు ఏం అడగాలి?

టీవీ చూడవద్దని చెప్పే పెద్దమనుషులం కాము. హాస్టల్‌లో అందరం కలిసి టీవీ చూడటంలో ఉన్న ఆనందం మాకూ తెలుసు. చూసేటప్పుడు మాత్రం నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. ఈ మనిషి చేసే పని చూపించారు, మనసులోని భయం చెప్పనిచ్చారా? చికిత్సకు ఎంతకాలం పట్టిందో చెప్పారా? భయపడే పని చేయించే ముందు అతని ఒప్పుకోలు అడిగారా? కార్యక్రమం అయిపోయాక అతని బాగోగులు ఎవరు చూస్తున్నారు? వీటికి జవాబు దొరికితే అది మంచి కార్యక్రమం. దొరకకపోతే మనం చూసింది ఒక మనిషి బాధతో చేసిన తమాషా.

మిత్రులకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం ఒక్కటే. పక్కబట్టలు మడతపెట్టుకునేవాణ్ణి ఓసీడీ అని పిలవడం మానుకుందాం. ఆ పేరును నిజంగా అవసరమైనవాడి కోసం దాచి ఉంచుదాం. ఎవరైనా కుళాయి దగ్గర ఎక్కువసేపు ఉంటున్నా, పదే పదే తాళం చూసుకుంటున్నా, ఏమీ చేయకుండానే లోలోపల నలిగిపోతున్నా, పేరు పెట్టే ముందు పక్కన కూర్చుని "ఏమైంది?" అని అడుగుదాం. వార్డెన్ గారి అనుమతితో మెస్ టైమింగ్స్ కాగితం పక్కన నోటీసు బోర్డు మీద 14416 అని పెద్ద అంకెలతో రాసి పెడదాం. ఎవరికి కావాలో వాళ్లు ఎవరూ చూడని వేళ రాసుకుంటారు.